తేరిన నీళ్లు

నున్న దాటాక మామిడితోటల వెనక రేకుల షెడ్డు.
ఎనిమిది తొట్లు, వాటి నిండా తిలాపియా.
రాత్రి కాపలా నాది.
దొంగలకి కాదు కాపలా,
మసకకి.

మొదటి తొట్టి అడుగున తెల్ల టైలు ఒకటి దించాను,
దాని మీద నల్లరంగుతో అ.
వంగి చూస్తే అక్షరం కనబడాలి.
ఒంపు చెరిగిందంటే మేత ఎక్కువైనట్టు,
అసలే కనబడలేదంటే డ్రమ్ము జల్లెడ చిరిగినట్టు.
కోటిరత్నం గారు మొదట నవ్వారు,
తర్వాత మిగతా ఏడింటికీ రాయించారు.
ఎనిమిదో తొట్టికి ౠ వచ్చింది.
"ఎవరూ వాడనిది గదమ్మా" అన్నాడు పెయింటరు.
పోనీలే, చేపలన్నా చదువుకుంటాయి.

కృష్ణ పక్కనే ఉన్నా మాకు రోజూ కొత్తనీళ్లు లేవు.
ఉన్న నీళ్లే తిరగాలి.
చేప విడిచిందే మళ్లీ చేప పీల్చాలి,
మధ్యలో మేమున్నాం.
బస్సు బాడీలు కట్టే గౌసు మేస్త్రీ
ఆటోనగర్లో అతికించిన డ్రమ్ము ఉంది,
తెల్లార్లూ గరగరమంటూ.

మా నాయనమ్మ చిల్లగింజ అరగదీసేది
కుండ లోపలి అంచుకి.
కాలవకి కొత్తనీరొచ్చిన రోజుల్లో
ఎర్రటి బురద విరిగిన పాలలా ముక్కలై
పొద్దుటికి అడుక్కి దిగేది.
"కదపమాకండే, తేరుకుంటన్నాయి."
ఇక్కడ కదపకపోతే గంటలో శవాలు.
ఇక్కడ నీళ్లు నడుస్తూనే తేరాలి.

ఇమ్మానియేలు చేరి అప్పటికి ఆరు రోజులు.
బయోఫిల్టరు మూత తీసి చూశాడు:
వేల ప్లాస్టిక్ చక్రాలు, ఒక్కోదానికీ గోధుమరంగు జిగురు.
రోత పుట్టింది కుర్రాడికి.
పంచాయతీ కుళాయి కింద పోసి,
బ్లీచింగు చల్లి,
పెళ్లివారి గిన్నెల్లా తోమి మెరిపించాడు.

ఆ రాత్రి నీళ్లు ఎన్నడూ లేనంత తేట.
అ మీద వాలిన ఇసక రేణువు కూడా లెక్కపెట్టొచ్చు.
కోటిరత్నం గారు వీడియో తీసుకున్నారు.

మర్నాడు చేపలు మేత ముట్టలేదు.
ఆ మర్నాడు తెల్లవారుజామున
నోళ్లు తెరుచుకుని పైకొచ్చాయి,
మాట కోసం వెతుక్కుంటున్నట్టు.
గొట్టంలో చుక్కలు వేసి ఊపాను.
పసుపు నిలవాల్సిన చోట
చిలకపచ్చ, ఆపైన ముదురాకుపచ్చ.
అమ్మోనియాకి నీళ్లలో రంగు లేదు మరి.
దాన్ని తినే ప్రాణులు
ఆ జిగురులోనే కాపరముండేవి.

మేత ఆపేశాం. బోరు నీళ్లు తిప్పాం. ఉప్పు బస్తాలు కోశాం.
కైకలూరులో ఎవరో తెలిసినాయన షెడ్డు నుంచి
జిగురు పట్టిన చక్రాలు రెండు గోతాలు అప్పు తెచ్చాం,
పాలలోకి తోడు తెచ్చుకున్నట్టు.
నూట పన్నెండింటిని తోట చివర పూడ్చాం.
గుంట తవ్వింది ఇమ్మానియేలే.
"శుభ్రమే గదక్కా చేశాను" అన్నాడు
పార దించకుండా.

మాది సింగునగర్.
బుడమేరు వచ్చి పోయాక
హాల్లో గోడ మీద ఛాతీ ఎత్తున గీత.
రెండుసార్లు సున్నం కొట్టించాను,
అయినా లోపలి నుంచి నెమ్మదిగా పైకి తేలుతుంది.
"తేరుకున్నారా వజ్రమ్మా?" అని ఫోన్లు.
కుండలో నీళ్లననుకుంటారు కాబోలు,
ఎవరూ కదపకపోతే చాలని.
చెప్పులేసుకుని డ్యూటీకి బయల్దేరేదాన్ని.

నలభై రోజులు పట్టింది పసుపు నిలవడానికి.
ఇప్పుడు నీళ్లు లేత టీ రంగులో ఉన్నాయి.
కొనడానికొచ్చినవాళ్లు మొహం చిట్లిస్తారు,
తిలాపియా మాత్రం మేత వేసిన చప్పుడుకే
తొట్టంతా తెర్లించేస్తాయి.

ఇవాళ అ కాస్త మసగ్గా ఉంది, ఒంపు దగ్గర.
ఇమ్మానియేలు బ్రష్షు పట్టుకుని
నా వంక చూస్తున్నాడు, అడగడు.
"టైలు ఒక్కటే తుడువబ్బాయ్" అన్నాను.
"మెల్లిగా.
ఆ గోడలకున్నది ఉండనీ."