ఫారం ఏడు

సిగ్నల్ కోసం బండెక్కి నిలబడినాను.
బంగారుపాళెం దిక్కు తిరిగితే ఒక గీత,
మొగిలి కనుమ దిక్కు తిరిగితే అదీ లేదు.
ఫోనులో చక్రం తిరగతా ఉండాది
గానుగెద్దు మాదిరి.

నేను అంగన్‌వాడీ టీచర్ని.
గుడ్లు, పాలు లెక్కరాసే చేత్తోనే
ఓటర్ల జాబితా కూడా దిద్దతాను.
ఈ పొద్దు తీసేయాల్సిన పేరు
వరస సంఖ్య రెండొందల పద్నాలుగు.
మొగిలమ్మ. భర్త చెంగప్ప. వయసు తొంభై ఐదు.
మా అవ్వ.

మొదటి ఓట్లప్పుడు మనం మద్రాసోళ్ళం, అనేది.
పేర్లు రాసుకోను వచ్చిన కరణం
నీ పేరేందే అంటే
తలుపు చాటు నుంచి
"తలారోళ్ళ కోడల్ని సామీ" అనిందంట.
మొగుడి పేరు చెప్పకూడదు,
తన పేరు అంతవరకు ఎవురూ అడగలేదు.
పైనోళ్ళు ఎర్రసిరాతో గీత కొట్టేసినారు.
కోడలికి ఓటు లేదు.
మొగిలమ్మ ఇంకా పుట్టనే లేదు.

తాత మాత్రం పెట్టెలు మోసినాడు,
గుడిసె గుర్తుకొకటి, చెట్టు గుర్తుకొకటి,
ఒక్కో గుర్తుకు ఒక్కో ఇనప్పెట్టె.
తిరపతి హుండీ అనుకోని
అర్ధణా ముడుపు కట్టిచ్చింది అవ్వ.
సాయంత్రం తాత తిరిగి తెచ్చిచ్చి
"లోపల దేవుడు లేడంటమే" అన్నాడంట.

అవ్వకు ఢిల్లీ తెలీదు.
ఆ ఆఫీసు ఎంత పెరిగిందో
తన వాకిట్లో నిలబడి కొలిచింది.
ఒకసారి గోడమీది రాతల మీద
వాళ్ళే సున్నం పూసిపోయినారు.
"పండగా పబ్బమా, ఈ సున్నమేందిరా?"
ఒకసారి బడికాడ కూర్చోబెట్టి ఫోటో తీసినారు,
కార్డులో మా పిన్నమ్మ మొహం వచ్చింది.
పెట్టె పోయి మిషనొచ్చింది.
నొక్కితే అది కూత పెట్టిందని
ఇంటికొచ్చేదాకా నవ్వతానే ఉండాది.
మొన్న మామిడి లారీ ఆపి
తోతాపురి కాయల కింద నోట్లు వెదికినారు,
వీడియో తీసుకుంటా.
ఆ రేతిరే కౌండిన్య అడివి ఏనుగులు
చెక్‌పోస్టు గేటు విరిచి చెరుకులోకి పోయినాయి.
నియమావళి వాటికి వర్తించదంట.

పోయిన ఎన్నికల్లో ఆ ఆఫీసే
అవ్వ మంచం కాడికి నడిచొచ్చింది:
ఇద్దరు సార్లు, ఒక పోలీసు, ఒక కెమెరా,
మరుగుకు ఒక అట్ట.
"మొగిలమ్మా" అని పిలిచినారు.
పలకలేదు.
చెవుడేమో అనుకోని గట్టిగా పిలిచినారు.
"ఇనపడిందయ్యా," అనింది,
"ఇంగొకతూరి పిలవండి."

గీత వచ్చింది. చక్రం ఆగింది.
తొలగింపుకు కారణం అడగతా ఉండాది.
ధ్రువపత్రం అడగతా ఉండాది.
ఆ ఎర్రసిరా దినాల్లో
ఎవురూ ఎవుర్నీ ఇంత అడగలేదు.
ఇప్పుడు నోటీసు గోడకు అంటించాల,
ఏడు దినాలు ఉండాల,
ఆక్షేపణ ఉన్నోళ్ళు వచ్చి చెప్పుకోవచ్చు.

మైదాపిండి బంక కలిపి
బడిగోడకు నేనే అంటించినాను.
నాకుండాది ఆక్షేపణ.
దానికి ఫారంలో గడి లేదు.

బంక వాసనకు మేకలు చేరినాయి.
ఒకదాన్ని అదిలించినాను,
ఇంగోటి వచ్చింది.
వారం దాకా ఈ గోడకాడ
ఎవురో ఒకరు ఉండాల.