తువ్వాలు కట్టిన సెయ్యి

ఎన్ని గంటలకి మొదలయింది? అని అడిగినాడు డాక్టరుబాబు.
పలాస టేసన్లో మూటలెత్తేవోడిని,
రైలు కూతే నా గడియారం.
విశాఖ పాసింజరు ఎల్లిపోయినాక బాబూ, అన్నాను,
అంబలి గ్లాసు దాని సేతిలోంచి జారిపోయినాక.

మరి ఇప్పుడా తెచ్చేది?

నాను మాటాడలేదు.
గోడ మీది ముల్లు ఒక గడి ముందుకి జరిగినాది.

తవిటమ్మ నోరు ఆ పొద్దు ఓ పక్కకి వాలిపోతే
మామ్మ ఎక్కిరిస్తందని మనవరాలు నవ్వినాది.
నానూ నవ్వినాను.
ఆ నవ్వు ఇంకా దిగలేదు, గొంతులో సేప ముల్లు.

నూటెనిమిదికి ఫోను సెయ్యాల. సెయ్యలేదు.
గాలి సోకిందన్నారు.
సంత అవతల పావురం నెత్తురు రాసేవోడి కాడికి ఆటో కట్టించినాను.
ఎచ్చటి నెత్తురు కుడి భుజం మీంచి కారతంటే
అది నన్నే సూసినాది,
ఏదో అడుగుదామని. అడగడానికి మాటేదీ?
మూడు గంటలు. ఐదొందల రూపాయలు.
ఓ పావురం.

మెదడుకెళ్లే దారిలో నెత్తురు గడ్డ అడ్డం పడిందట.
నాలుగున్నర గంటల లోపయితే
కరిగించే సూది ఉందట, కొందరికి పనిసేస్తాదట.
డాక్టరుబాబు తిట్టలేదు.
తిట్టినా బాగుణ్ణు.

ఇంటికొచ్చి ఆవాల డబ్బా దించితే
ఆవాల కింద బీపీ మాత్రలు, అరవై రెండు.
తల తిరిగిన రోజే మింగేదట,
మిగతావి దాసుకునేదట, సీటీ డబ్బుల్లాగ.
ఉప్పుసేప మానదు, అడ్డపొగ సుట్ట మానదు,
మాత్ర కాడే పొదుపు!
మహేంద్రతనయ గట్టు లోపల్నించి కోసుకుపోతన్నా
పైన గడ్డి పచ్చగానే ఉంటాది.
నానూ పచ్చగడ్డినే సూసినాను.

టెక్కలి ఆసుపత్రిలో యామినమ్మని ఓ పిల్ల ఉన్నాది.
వొచ్చీరాగానే దాని ఎడం సెయ్యి,
ఆ బాగున్న సెయ్యినే,
నా తువ్వాలు అడిగి కట్టీసినాది.
ఇదేటమ్మా అన్యాయం, అన్నాను.
బాగున్నది ఊరుకుంటేనే తాతా, బాగోలేనిది లేస్తాది.

పళ్లెంలో పది జీడిపిక్కలు.
ముప్పయ్యేళ్లు బట్టీలో పిక్కలు కొట్టి
పప్పు ఇరక్కుండా తీసిన వేళ్లు,
జీడి రసానికి గీతలరిగి
ఆధారు మిషను కూడా పోల్సుకోని వేళ్లు,
ఒక్క పిక్కని ఆ పళ్లెంలోంచి ఈ పళ్లెంలోకి మార్సడానికి
చెమటలు కక్కినాయి.
మూడోది జారి మంచం కిందకి దొర్లితే
తిట్టబోయినాది. తిట్టు కూడా రాలేదు.
అప్పుడేడ్సినాది.

లెక్కపెట్టు మామ్మా అంటే మాత్రం
ఒకటి నించి పది దాకా గడగడా!
నీళ్లు అనలేని నోట తొమ్మిదెలాగొస్తాదో నాకర్దం కాలేదు.
అలవాటు మాటలు వేరే గదిలో ఉంటాయి తాతా,
ఆ గది తలుపు పడలేదు, అన్నాది యామినమ్మ.

ఓ రోజు అడిగినాది: మీ ఆయన పేరేటి మామ్మా?
తవిటమ్మ తల దించుకున్నాది.
పెళ్లయిన కాణ్ణించి ఒక్కసారీ నా పేరెత్తలేదు,
రేసను డిపోలో కూడా
పక్కనున్నావిడే సెప్పాల.
మరది సిగ్గో, మాట రాకో
నాకెలాగ తెలుస్తాది?

నలభై ఆరో రోజు. మబ్బు పట్టున్నాది.
ఏడో పిక్క పళ్లెంలో టక్కుమన్నాది.
నాను గుమ్మంలో బీడీ ఎలిగించబోతన్నాను.
దం...
తిరిగి సూసినాను.
దం... డా... సీ.

అగ్గిపుల్ల ఏలు కాల్సినాది.

ఇంకా ఏదో అంటంది. దగ్గిరికెళ్లి సెవి పెట్టినాను.
దండాసీ...
సు... ట్ట.

ఇవ్వలేదు.
నా బీడీ ఇరిసి బయట పడేసినాను.
నీళ్ల గ్లాసూ మాత్రా దాని కుడిపక్కనే పెట్టి,
తువ్వాలు ముడి ఇంకాస్త బిగించినాను.
తిడతంది,
సగం తిట్టు.
మిగతా సగం కోసం కూకున్నాను.