ఐసు పద్దు

నీలికొంగ క్లబ్బు ఉండేదనడానికి
నా దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే:
మా తాత మజ్జి పైడన్న రాసుకున్న ఐసు పద్దు.
మొదటి పేజీ చెదలు తినేశాయి.
రెండో పేజీలో, ఇరవయ్యారు నవంబరు,
రెండు దిమ్మలు, రంపప్పొట్టు బస్తా ఒకటి.

గుమ్మం మీద ఇంగ్లీషులో ఏదో పేరుండేదట.
బొమ్మలో కొంగ ఉంది, నీలంగా ఉంది,
బండివాళ్లకి ఆ మాత్రం చాలు.
సోల్జర్‌పేట మలుపులో మేడ అది.
కింద గోనెల గొడౌను, మీద డాన్సు.
దొరలు గిర్రున తిరిగినప్పుడల్లా
దూలాల్లోంచి సున్నం రాలి
గోనెల మీద పడుకున్న పిల్లి తెల్లబడేదట.

తాత దారి వెనక మెట్లు.
వంటగది దాటి అడుగు పెట్టలేదు పదహారేళ్లూ.
"నాను లోపలికెల్నేదమ్మీ,
పాటే బయటికొచ్చీసీది" అనేవాడు.
తప్పెటగుళ్ళు విని పెరిగిన చెవులు ఆయనవి.
"దెబ్బ పడాల్సిన కాడ పడదు,
ఇంక పడదులే అనుకున్నాక పడతాది.
దిమ్మ బుజాన ఉండగా కాలు తడబడిపోయీది."

బాకా ఊదేవాడు గోవా మనిషి, లియాండ్రో.
రాత్రి పదకొండుకి పెరట్లోకి వచ్చి
చిట్లిన పెదవి చూపించేవాడు.
మాటల్లేవు. ఒకరి భాష ఒకరికి రాదు.
తాత సుత్తితో అంచు కొట్టి ఇచ్చేవాడు.
పద్దులో ఇలా ఉంటుంది:
బాకాయనకి చిన్న ముక్క. లెక్క లేదు.

ముప్పై, ఏప్రిల్.
ఒడ్డున కుండల్లో ఉప్పు వండుతున్నారు జనం,
లాఠీలు విరుగుతున్నాయి.
మేడ మీద ఐస్‌క్రీము మర చుట్టూ
ఉప్పు కూరుతున్నారు.
ఆ వారం బేరర్లు ఇద్దరు రాలేదు.
తాత వెళ్లాడు. నాకు అది కొంచెం బాధ.
ఆయన రాసింది మాత్రం, మూడు దిమ్మలు, బాకీ.

ముప్పై మూడులో రేవు తెరిచిన వారం
రోజుకి పద్నాలుగు!
అలల్ని ఆపడానికి రెండు ముసలి ఓడల్ని
కావాలనే ముంచేశారట అంతకుముందు.
రైల్వే గార్డు కూతురు ఐరిస్ పాడుతోంటే
మాంగనీసు దుమ్ము పట్టిన కప్తానులు
గ్లాసుల్లో ఐసు గలగలలాడించేవారట తాళానికి.
తాతకి ఆ చప్పుడే గర్వం.
తను మోసిన సరుకు లోపల పాడుతోందని.

తర్వాత కిటికీలకి నల్లగుడ్డలు.
రంగూన్ నుంచి నడిచొచ్చిన వాళ్లు
గొడౌను అరుగు మీద పడుకున్నారు,
పైన బాకాకి గుడ్డ కుక్కి ఊదుతున్నాడు లియాండ్రో.

నలభై రెండు ఏప్రిల్లో బాంబులు పడ్డాయి.
ఊరు సింహాచలం వైపు, చోడవరం వైపు
బళ్లెక్కి పోయింది.
ఆ మర్నాటి పద్దులో ఆరు దిమ్మలు.
నీలికొంగ అని అలవాటుగా రాసి, కొట్టేసి,
పక్కనే పెద్దాసుపత్రి అని దిద్దాడు.
దేనికో రాయలేదు.
శవాలకని మా నాయనమ్మ చెప్పింది, చాలా ఏళ్లకి.
ఆ పేజీ తడిసి ఉబ్బి ఉంటుంది ఇప్పటికీ.

జూన్ నుంచి క్లబ్బు పేరు లేదు.
అన్నీ జాలరిపేట చేపల లెక్కలే,
వంజరాలు, కోనాలు, గంపకి ఇంతని.
వాటి మధ్యలో ఒకచోట, తేదీ వేయకుండా,
చిన్న ముక్క. లెక్క లేదు.