వెనక్కి నడవొద్దు

తాళంచెవితో పాటు
ఒక టార్చిలైటూ, ఒక చిన్న పలుగూ చేతిలో పెట్టాడు
ఇల్లు అమ్మినవాడు.
"కిటికీలేవీ?" అన్నాను.
కొండకి కిటికీలేమిటమ్మా అన్నట్టు చూశాడు.

డెవన్‌పోర్ట్ రేవులో ఇరవయ్యారేళ్లు
ఓడ టిక్కెట్లు చింపినదాన్ని.
నీ ఊపిరితిత్తులకి ఈ చెమ్మ పడదు,
పొడినేల చూసుకో అని డాక్టరంటే
పటంలో వేలు జారుతూ జారుతూ
కూపర్ పీడీ దగ్గర ఆగింది.
మనుషులు నేలకింద కాపురముండే ఊరు.
పైన ఎండ నలభై ఏడు.
కిందికి ఏ ఋతువూ మెట్లు దిగి రాదు.

మొదటి రాత్రి దీపం ఆర్పాక
కళ్లు తెరిచానో మూశానో తెలియక
రెప్పని వేలితో తాకి చూసుకున్నాను.
గోడలనిండా తవ్వుడు యంత్రం వదిలిన గుండ్రటి గాట్లు.
వాటిని తడుముకుంటూ స్నానాలగదికి వెళ్లి
తడుముకుంటూ వచ్చి
ఇది ఎవరి మంచమో అని ఒక్క క్షణం జంకి
పడుకున్నాను.
తెల్లారిందని గాలిగొట్టం చెప్పింది.
పైకప్పులోంచి నాణెమంత వెలుగు
నేలమీద పడి
మెల్లగా దొర్లడం మొదలెట్టింది.

పక్క గుహలోంచి ద్రాగిత్సా వచ్చింది
ప్లమ్ పళ్ల సారా సీసాతో.
ఆవిడ ఇక్కడికొచ్చి నలభై ఒక్క ఏళ్లు,
ఆవిడ ఇంగ్లీషు ఇంకా సగం దారిలోనే ఉంది.
"గూడు కావాలా? గీకు.
చుట్టమొచ్చాడా? ఇంకో గది గీకు.
మొగుడితో పడదా?
ఇంకాస్త లోతుగా గీకు."
ఆవిడ మొగుడు స్టిపాన్
వంటగది పెంచుతున్నానని చెప్పి
పదమూడేళ్లు ఓపల్ రాళ్ల కోసం తవ్వాడట.
దొరికాయా అంటే
"వంటగది దొరికింది" అంది.

ఆదివారం నాకు ఊరు చూపించింది.
గడ్డిపోచ లేని గోల్ఫు మైదానం.
ఆడేవాళ్లు చాపముక్కంత పచ్చిక వెంట తెచ్చుకుని
బంతిని దానిమీద పెట్టి కొట్టి
మళ్లీ చంకలో ఇరికించుకుని నడుస్తారు.
కొండమీద ఇనపముక్కలు అతికి చేసిన చెట్టు.
పిల్లలు ఎక్కడానికి ఊళ్లో ఇంకో చెట్టు
ఉండేది కాదంటారు.
దాని నీడలో నిలబడ్డాను.
నీడ కూడా కాలింది.
ఆపైన నేలకింద చర్చి. అక్కడ మేం మాట్లాడుకోలేదు.
ఆవిడ స్టిపాన్ పేర కొవ్వొత్తి వెలిగించి
మంట కాస్తయినా ఊగనందుకు విసుక్కుంది.

ఊరి బయట, తవ్విపోసిన మట్టికుప్పల మధ్య
ఒక హెచ్చరిక పలక:
లోతైన గోతులున్నాయి. పరుగెత్తొద్దు.
వెనక్కి నడవొద్దు.
ఫొటోలో అందరూ పట్టాలని
ఒక్కో అడుగే వెనక్కి వేస్తారట జనం.
నవ్వాను.
తర్వాత చాలాసేపు నవ్వలేదు.

పొద్దు వాలుతుంటే ఆ కుప్పల్లో జల్లెడ పట్టాం.
నాకొక ఆల్చిప్ప దొరికింది,
గోరంతది, సగం రాయి,
సగం నీలిమంట.
"ఒకప్పుడు ఇదంతా సముద్రమే" అంది ద్రాగిత్సా,
ఈ మూల ఒకప్పుడు బేకరీ ఉండేది అన్నంత తేలిగ్గా.

సముద్రానికి దూరంగా వచ్చాననుకున్నాను.
అడుక్కి వచ్చాను.

అంత మంచి మాట తోచినందుకు ముచ్చటపడి
రేవులో నా సీట్లో కూర్చున్న వెండీకి ఉత్తరం మొదలుపెట్టాను.
తీరా రాసింది వేరే.
ఇక్కడ నాణెం వేస్తేనే కుళాయి తిరుగుతుందనీ
టీలో దుమ్ము రుచి అలవాటవుతోందనీ
గొడుగు పారేయలేదనీ, తలుపు వెనక వేలాడుతోందనీ.

తర్వాత పలుగు తీశాను.
ఆల్చిప్పకి మంచం పక్కన
వేలెడంత గూడు చాలు.
గోడ పాత బిస్కెట్టులా రాలుతోంది.
ఆపబుద్ధి కాలేదు.
రాత్రి పదకొండు దాటింది, దగ్గొచ్చింది, మానలేదు.
మోచేయి మునిగేదాకా పోయాక
రాతి లోపలినుంచి మూడు దెబ్బలు,
ఆ వెనకే ద్రాగిత్సా గొంతు:

"చాలు! ఇటు నా పొయ్యి ఉంది!"