పక్కకి తిరిగి

విన్నిపెగ్, జనవరి. లైబ్రరీ కింద గదిలో
పదకొండు మందిమి, మడత కుర్చీలు, చల్లారిన కాఫీ.
ఎదురుగా నిలబడొద్దు, కాస్త పక్కకి తిరగండి, అంది ఓడెట్.
అరచేతులు కనబడనివ్వండి. తలుపుకి అడ్డంగా ఉండొద్దు.
"శాంతించండి" అని మాత్రం
చచ్చినా అనకండి. ఆ మాటకి శాంతించినవాణ్ణి
నేనింతవరకు చూళ్ళేదు.

ఇక వేషాలు. కోపిష్టి, గార్నెట్.
ఇరవై రెండేళ్లుగా పుస్తకాల బండి తోస్తూ
ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి.
ముందు కాగితం చూసి చదివాడు:
గంటసేపు ఫారం నింపాను,
టైమైపోయిందని తెర ఆరిపోయింది.
బల్ల మీద చరిచాడు.
తర్వాత కాగితం చూడలేదు.
"రోజూ వస్తాను. నా బూట్ల వంక చూస్తారు,
నా సంచీ వంక చూస్తారు.
ఒక్కరంటే ఒక్కరు
పేరడిగారా?"

ఎదుట గుమస్తా వేషంలో ఉన్న నాకు
నేర్చుకున్నవన్నీ ఎగిరిపోయాయి.
అరచేతులు మాత్రం కనబడుతూనే ఉన్నాయి,
ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

మర్నాడు తొమ్మిదింటికి తలుపు తీశాను.
కనుబొమల మీద మంచుతో ఒకాయన.
కొంచెం పక్కకి తిరిగి
"మీ పేరేంటండీ?" అన్నాను.

"పేరుదేముందమ్మా,
ముందు బాత్రూమెటో చెప్పు."