గ్యాస్ నొప్పి

జువ్వలదిన్నె రేవులో బోటు దిగేసరికి
పొత్తికడుపు చుట్టూ ఎవరో మోకు బిగిస్తున్నారు.
"నెలసరా మే?"
ఎండుచేపలు తిరగేస్తూ గట్టు మీంచి అరిచింది మస్తానమ్మత్త.
బోటులో ఆరుగురు మగాళ్ళు
ఒక్కసారే సముద్రం వైపు తిరిగారు.

కావలి ఆసుపత్రిలో డాక్టరమ్మ తలెత్తకుండా
తేదీ ఎప్పుడంది. పెళ్ళయిందా అంది. పిల్లలెందరంది.
ఎంత లోతుకి దిగావని అడగలేదు.

నేనే చెప్పాను.
ఇరవై రెండు మీటర్లు,
రాళ్ళకి చిక్కిన పాత వలలు కోసే పని,
పొద్దుట్నించీ మూడుసార్లు,
ఆఖరుసారి కాస్త తొందరగా పైకొచ్చాను.

"గ్యాసు తల్లీ" అంది.
తెల్లమాత్రలు, పరగడుపున ఒకటి.

గ్యాసే, అబద్ధం కాదు.
గోళీసోడా నొక్కితే బుస్సుమన్నట్టు
నెత్తురులో బుడగలు.
బొడ్డు పక్కన వంకాయరంగు మచ్చలు.
కుడికాలు
అరువు తెచ్చుకున్నట్టుంది.

శిక్షణలో రాసుకున్న నంబరుకి నేనే ఫోన్ చేశాను.
చెన్నైలో ఇనుపగది ఉందట.
మళ్ళీ లోతుకి దించి,
ఈసారి నిదానంగా పైకి తెస్తారట.

అంబులెన్సులో ముక్కుకి ఆక్సిజన్,
కాళ్ళ దగ్గర చేపల వాసనతో అత్త.
నాయుడుపేట దాటాక అడిగింది:
"నీళ్ళ కింద ఎట్టుంటాదే?"

ఏడేళ్ళుగా దిగుతున్నా
ఇంట్లో ఒక్కరూ అడగని మాట.

మాస్కు తప్పించి చెప్పడం మొదలుపెట్టాను.
సగంలోనే నిద్రపోయింది,
చెయ్యి మాత్రం నా కుడికాలి మీదే.
ఆ బరువు తెలుస్తోందా, లేదా అని
తడ వచ్చేదాకా
చూసుకుంటూనే ఉన్నాను.