నెత్తుల్లో కురచది

పన్నెండేళ్ళుగా ఒకటే సమీకరణం.
రెండు చివర్లా సున్నాకు కట్టేసిన తీగ,
మధ్యలో దాని ఇష్టం.
వంగేకొద్దీ మొండికేసే జాతి,
రెట్టింపు తోస్తే రెట్టింపు కదలదు.
నేరుగా విప్పబోతే విప్పనివ్వదు.
అందుకే పెద్దలు దారి మార్చారు:
సాధ్యమైన వంపులన్నిటినీ ఒక నేలలా పరిచి
ఒక్కో వంపు మీదా దాని శక్తిని ఎత్తుగా నిలబెట్టి
వాలు ఆగిన చోట వెతకమన్నారు.

వాలు ఆగిన చోటంటే నాకు పల్లమే తెలుసు.
పల్లంలోకి దిగిన ప్రతిసారీ సున్నా.
కదలని తీగ.
అదీ జవాబే, కాదనడానికి లేదు,
హాజరు పట్టీలో పేరు మాత్రం ఉన్న పిల్లవాడిలాగా.

ఉదయగిరి కాలేజీలో శనివారం బోర్డు తుడిచి
ఆదివారం సీతారామపురం దాటి
వెలిగొండ ఎక్కాను, వెంగమ్మ వెనక,
ఆమె ముప్పై ఒక్క మేకల వెనక.
నాకక్కడ పనేం లేదు. మోకాలి నొప్పి మాత్రం ఉంది.

"అవతలికి పోయే దార్లు ఎన్నుండాయి?"
"కాళ్ళున్నన్ని."
"మరి ఎప్పుడూ ఇదే ఎందుకు?"
దవడనున్న పొగాకు కాడ కదలకుండానే చెప్పింది:
"యా దారిన పోయినా యాడో ఒక చోట
ఎక్కి దిగాల్సిందే గదబ్బయ్యా.
ఒక్కో దారికి ఒక్కో నడినెత్తి ఉంటాది.
ఆ నెత్తుల్లో కురచది యాడుందో
మా అత్త చూపిచ్చింది.
దాన్నే కనుమంటారు."

అక్కడే కూలబడ్డాను, పల్లేరు కాయల మీద.

నెత్తుల్లో కురచది.
అన్ని దారుల శిఖరాల్లోకీ పొట్టి శిఖరం.
ఈ పల్లానికీ ఆ పల్లానికీ నడుమ
వాలు ఆగి తీరాల్సిన రెండో చోటు.
పల్లం నుంచి వచ్చేవాడికి అదే కొస,
కొండ కొన వెంబడి నడిచేవాడికి అదే అడుగు.
నమ్మకపోతే జీను నడిమి చీమనడగండి.

ఒక్కటే షరతు. వెతుకుతూ వెతుకుతూ
అంతులేని దూరానికి జారిపోకూడదు.
నిరుడు నా మూడో అధ్యాయం అట్లాగే పోయింది.
నిరుడే వెంగమ్మకు ఒక చుక్కల మేక పోయిందట.
చిరుతన్నా తినుంటే బొమికలు దొరికేవంది.

కనుమ మీద రాళ్ళ కుప్ప.
వచ్చినవాళ్ళంతా ఒకటి వేసి పోతారు.
పడుకోడానికి లేదు, గాలి తోసేస్తుంది
ఈ పక్కకో, ఆ పక్కకో.
సున్నా కాని నా జవాబూ ఇట్లాంటి చోటే ఉండుంటుంది:
ఉంది, కాపురానికి పనికిరాదు.

సీసా మూత తీస్తుంటే నీళ్ళు ఒలికాయి.
కొన్ని నెల్లూరుకు బయల్దేరాయి, కొన్ని కడపకు.
జానెడు పోకముందే రెండూ ఇంకిపోయాయి.

నోటుపుస్తకం తేలేదు.
జేబులో నిన్నటి సుద్దముక్క తగిలింది.
బండ మీద అసమానత రాయడం మొదలుపెట్టాను.
మూడో వరుస దగ్గర ఒక పోతు వచ్చి
మొదటి వరుస నాకింది.
వెంగమ్మ దాన్ని అదిలించలేదు.
"ఉప్పనుకునింది" అని
తన రాయి కుప్పలో వేసి
దిగిపోయింది.